పీరు: ఒక చిన్నమాట చరిత్రము

రాజుల చరిత్రమును వ్రాయువారు పెక్కండ్రు గలరు. మాటల చరిత్రమును వ్రాయువారు తక్కువ. రాజు గతించిన పిమ్మట అతని కోట శిథిలమగును. మాట మాత్రము రాజ్యములు మాఱినను నోటినుండి నోటికి పోవుచు, పోయినచోట నెల్ల నొక క్రొత్త యర్థమును దాల్చి, పాత యర్థమును పూర్తిగా విడువక నిలిచియుండును. అట్టి మాట యొకటి మా ప్రాంతమున నున్నది. దానికి రెండే యక్షరములు: పీరు. ఈ రెండక్షరములు ఎన్ని దేశములు దాటి, ఎన్ని మతముల గడపలు త్రొక్కి సిద్దిపేట చుట్టుపట్ల పల్లెలకు వచ్చి చేరినవో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది ఒక చిన్న సంగతి. మేము బడిపంతులము. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపుటకు ముందు విద్యార్థుల పేర్లలోని తప్పులను సరిచూచుట మా పనులలో నొకటి. అట్లు చూచుచుండగా నొక బాలుడు వచ్చి, తన పేరును మార్పించుమని వేడెను. అతడు హిందూ కుటుంబమువాడు. అతని పేరు పీరు శబ్దముతో మొదలగును. "నీదే మతమురా?" యని తోడి బాలురు కొందఱు వెక్కిరించుచున్నారట. మఱునాడు అతని నాయనమ్మ వచ్చినది. "మా పీరిసామి ఇచ్చిన పోరడు సారూ. ఇద్దరు పుట్టి పోయినంక మొక్కుకుంటె నిలిచిండు. గా పేరు తీసేస్తె మొక్కు మాటేంది?" అని యామె యడిగినది. మనుమనికి ఆ పేరు సిగ్గు. అవ్వకు అది ప్రాణభిక్ష. ఇద్దఱిలో ఎవరికి ఏమి చెప్పవలయునో తోచక మేము వారము దినములు గడువు అడిగితిమి. ఆ గడువులో చదివినదియు, తలపోసినదియు ఇచట పొందుపఱచుచున్నాము.

పీరు పారసీకపు మాట. ఆ భాషలో దాని మొదటి యర్థము మిక్కిలి సామాన్యమైనది: ముసలి. పీర్‌మర్ద్ అనగా ముసలివాడు. పీర్‌జన్ అనగా ముసలిది. నేటికిని ఇరాను దేశపు వీధులలో నీ మాటకు ఈ యర్థము చెల్లుచునే యున్నది. ఇందులో మతము లేదు, మహిమ లేదు. నెఱసిన తల మాత్రమే యున్నది. మఱి ముసలితనము పూజ్యత యెట్లాయెను?

ఇది పారసీకులకు మాత్రమే కలిగిన యూహ కాదు. అరబ్బీలోని షేకు శబ్దమునకును మొదటి యర్థము వృద్ధుడే. మన సంస్కృతమున స్థవిరుడనగా వృద్ధుడు. అదే పాళీభాషలో థేరుడై బౌద్ధ సంఘములో జ్యేష్ఠ భిక్షువునకు గౌరవనామ మాయెను. థేరవాద మనగా పెద్దల మార్గమే. కృష్ణాతీరమున నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజుల నాటి 3వ శతాబ్దపు శాసనమొకటి సింహళదేశపు థేరవాదాచార్యులను పేర్కొనుచున్నది. గ్రీకు భాషలో ప్రెస్బుతెరోస్ అనగా మిక్కిలి పెద్దవాడు. ఆ మాటయే అరిగి అరిగి ఇంగ్లీషున ప్రీస్టు అయినది. లాటినులో సెనెక్స్ అనగా ముసలివాడు. వృద్ధుల సభ సెనేటు. చీనా దేశపు లావోత్సు పేరునకు వృద్ధాచార్యుడనియే యర్థము. అంతదూర మేల? మన తెలుగున పెద్ద యను మాటను చూడుడు. వయస్సున పెద్ద, ఊరికి పెద్ద, తగవు తీర్చు పెద్దమనిషి, పొలిమేరను కాచు పెద్దమ్మ తల్లి, క్రైస్తవ సంఘములోని పెద్దలు: అన్నియు ఆ యొక్క మాటలోనే యిమిడినవి. ఈ శబ్దములకు ఒండొంటితో ధాతుసంబంధము లేదు, ఉన్నది భావసంబంధము. పుస్తకములు అరుదైన కాలమున, ఎక్కువ కాలము బ్రతికినవాడే ఎక్కువ తెలిసినవాడు. కఱవు వచ్చినపుడు ఏ దుంప తినదగునో, చెఱువు తెగినపుడు గండి నెట్లు పూడ్చవలయునో అతనికే తెలియును. అందుచే జనులు అన్ని దేశములందును ముందు ముసలివానికి మ్రొక్కిరి. పిదప ఆ మ్రొక్కు జ్ఞానమునకు చెందినది.

ఇస్లాము పారసీక దేశమున వ్యాపించిన పిమ్మట సూఫీలు ఈ మాటను గ్రహించిరి. వారియందు పీరనగా గురువు, శిష్యుడు మురీదు. ఇప్పుడు వయస్సుతో పని లేదు. నలుబదేండ్ల పీరునకు అఱువదేండ్ల మురీదు ఉండవచ్చును. మన పురాణములందు శుకుడు బాలుడయ్యు మునులకు బోధించినట్లే ముసలితనము దేహమును విడిచి జ్ఞానమును చేరినది. 14వ శతాబ్దమున షీరాజు నగరపు హాఫిజు మహాకవి మఱియొక యడుగు ముందునకు వేసెను. ఆతని గజళ్లలో పీరె ముఘాన్ అను వృద్ధుడొకడు మాటిమాటికి వచ్చును. ముఘులనగా అగ్నిని కొలుచు పూర్వమతపు అర్చకులు. వారి పెద్దయే మధుశాలకు యజమాని. పాండిత్యగర్వముగల మతాచార్యునికి తెలియని రహస్యము ఆ పరమతపు వృద్ధునికి తెలియునని కవి భావము. గురువు ఏ మతమువాడని యడుగకయే పీరు శబ్దము అచట గౌరవమును పొందినది.

ఆ పూర్వమతమువారును ఈ శబ్దమును తమదిగానే చేసికొనిరి. ఇరానులో యజ్ద్ పట్టణ ప్రాంతమున జరతుష్ట్ర మతస్థుల యాత్రాస్థలములు కొన్ని యున్నవి. వానికి పీరులనియే పేరు. వానిలో ప్రసిద్ధమైనది పీరె సబ్జ్, అనగా పచ్చని పీరు. అది ఎండిన కొండ నడుమ నీరు బొట్టుబొట్టుగా కారు గుహ. సాసాన వంశపు కడపటి చక్రవర్తి మూడవ యజ్దగిర్దు కుమార్తె అరబ్బు సేనలనుండి పరుగెత్తివచ్చి ప్రార్థింపగా, కొండ విచ్చి ఆమెను తనలో దాచుకొన్నదని వారి గాథ. మన సీతాదేవిని భూమి యక్కున చేర్చుకొన్న కథ చదువరులకు ఇచట తలపునకు రాకమానదు. ఇచట పీరు ముసలివాడు కాడు, గురువు కాడు. శత్రువునుండి పరుగెత్తిన యొక యువతికి చోటిచ్చిన కొండ. మఱియొక చిత్రము గలదు. ఆ యజ్దగిర్దు కుమార్తెయే వేఱొకతె, షహర్‌బాను, ప్రవక్త మనుమడైన ఇమాం హుసేనును పెండ్లాడినదని షియాల సంప్రదాయ గాథ. ఈ రెండు గాథలను చరిత్రమని చేపట్టనక్కఱలేదు. కాని అరబ్బులకు ఓడినవారి గాథలోను, అరబ్బు ప్రవక్త వంశపు గాథలోను ఒకే రాజు కూతుండ్రు కనిపించుట, జనులు తమ శోకములను ఎట్లు కలిపి పెనవేయుదురో తెలుపుచున్నది.

భారతదేశమున అడుగిడిన పిదప పీరు శబ్దము మఱిన్ని రూపములు దాల్చినది. ఇస్మాయిలీ ఖోజాలు తమ ధర్మబోధకులను పీరులనిరి. వారిలో పీర్ సద్రుద్దీను పేరిట నిలిచిన దశావతార మను గీతములో పదవ యవతారము హజ్రత్ అలీయే యని చెప్పబడినది. రాజపుత్రస్థానమున రామదేవుని హిందువులు కృష్ణుని యవతారమని కొలుతురు. ముసల్మానులు అతనినే రామ్‌సా పీరని కొలుతురు. అచ్చటి గోగా వీరుడు జాహర్ పీరుగా పూజలందుచున్నాడు. వంగదేశమున సత్యపీరు గలడు. అచ్చటి పల్లెకవుల పాంచాలీలలో సత్యపీరును సత్యనారాయణుడును ఒక్కరే. పిండి, పాలు, అరటిపండ్లు, చక్కెర కలిపిన నైవేద్యమునకు శిర్ని యను పారసీకపు పేరే నిలిచినది. అన్నవరపు ప్రసాదము నెఱిగిన తెలుగు గృహిణులు ఆ శిర్నిని చూచిన పరాయిదని తలంపరు.

ఇక మన నేల. ఇక్కడ కథ వేఱొక దారిని నడచినది. తెలంగాణపు పల్లెలో పీరు గురువు కాడు, గోరీ కాదు. వెదురు కఱ్ఱకు తగిలించిన లోహపు పంజాయో, నాలు ఆకారపు బిళ్లయో పీరు. ఉర్దూ తెలిసినవారు దానిని అలం అందురు, అనగా ధ్వజము. హిజ్రీ 61వ సంవత్సరము మొహరము నెల 10వ నాడు, అనగా క్రీ.శ. 680 అక్టోబరు 10వ తేదీన, కర్బలా మైదానమున ఇమాం హుసేను, ఆయన బంధుమిత్రులు, దాహముతో నాలుక లెండి, యజీదు సేనలచేత హతులైరి. ఆ వీరుల ధ్వజములకు గుఱుతుగా నిలుపబడునవి యీ అలములు. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీలు (1518-1687) షియాలు. మహమ్మదు కులీ 1591లో చార్మినారును కట్టించిన కొలది యేండ్లకే బాదుషాహీ ఆషూర్ఖానాను నిలిపెను. దక్కనీ భాషలో తానే శోకగీతములు వ్రాసెను. పల్లెల ఆషూర్ఖానాలకు ఈనాములు దొరకినవి. పిదప వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలయ్యు ఆ ఈనాములను కొనసాగించిరి. ఇట్లు రాజధానిలోని శోకదినము పల్లెకు ప్రాకినది.

పల్లెలో అలం పీరెట్లాయెను? మన యాలంకారికులు దీనిని లక్షణ యందురు. గంగమీద గొల్లపల్లె యన్నపుడు నీటిమీద పల్లె యని కాక, గంగయొడ్డున నున్న పల్లె యని గ్రహింతుము గదా. అట్లే పీరు శబ్దము పూజ్యుని విడిచి, పూజ్యుని ధ్వజమును పట్టుకొన్నది. అంతటితో ఆగలేదు. హసను, హుసేను అను అన్నదమ్ములు మన నోట ఆశన్న, ఊశన్న అయిరి. అన్న యను రెండక్షరములు చేరుటతో అరబ్బు వీరులు మన యింటివారైరి. ధ్వజమున్న పాక పీర్లకొట్టమాయెను. ఆశూరా పీర్ల పండుగ యాయెను. నెలపొడుపు చూచి పీర్లను దింపుదురు, దట్టీలు కట్టుదురు, ఊదు వేయుదురు, మలీద పంచుదురు. గుండము చుట్టు కుఱ్ఱవాండ్రు అడుగు వేయుదురు. పీరు నెత్తుకొనువాడు సాలెవాడో, గొల్లవాడో, మాదిగవాడో కావచ్చును. ఆ సమయమున ఇల్లాండ్రు అతని కాళ్లమీద నీళ్లు పోసి మ్రొక్కుదురు. ఏడాది పొడవున గడప దాటనీయని కాళ్లకు ఆ యొక్కనాడు దొరకు మ్రొక్కు అది. ముసల్మాను ఇల్లొక్కటియు లేని పల్లెలందును పీర్లు లేచుట గలదు. రాయలసీమలో అనంతపురము ప్రాంతపు గూగూడులో కుళ్లాయస్వామి పేరిట జరుగు పీర్ల పండుగనుగూర్చి అఫ్సర్ మహమ్మదు 2013లో ఇంగ్లీషున ఒక గ్రంథమే ప్రకటించిరి.

ఈ పండుగకు ఒక ఋతువు లేదు. హిజ్రీ సంవత్సరమునకు సుమారు 354 దినములు, అధికమాసము లేదు. అందుచే మొహరము ఏటేట పదునొకండు దినములు ముందునకు జరిగి, దాదాపు ముప్పదిమూడేండ్లకు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఒక మనిషి జీవితమున పీర్లు నడివేసవిలోను వచ్చును, నాట్లలోను వచ్చును. 2016 అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట ప్రత్యేక జిల్లా యాయెను. అది దసరా దినము. మఱునాడే పీర్ల పండుగ. ఆ వారముననే ఆడుబిడ్డలు సద్దుల బతుకమ్మను చెఱువున విడిచిరి. ఊరివారు జమ్మి పెట్టుకొనిరి. ఆ పిమ్మట పీర్లు సాగిపోయినవి. మూడింటికిని ఊరి జనము ఆ జనమే.

అర్థములు ఇంతటితో తీఱలేదు. ఉర్దూ మాటలాడువారికి పీరనగా సోమవారము కూడ. శివునికి ప్రియమైన దినము వారినోట పీరు దినము. ఇంగ్లీషులో పీరను మాటకు మన పీరుతో చుట్టఱికము లేదు. అది సమానము అను నర్థముగల లాటిను శబ్దమునుండి పుట్టినది. కాలక్రమమున ప్రభువులకు బిరుదమాయెను. సమానుడను మాట అధికుని సూచించుట, ముసలి యను మాట పూజ్యుని సూచించుట, రెండును మాటల విచిత్రగతులే. అన్నిటికంటె మనస్సునకు తాకునది హిందీలోని పీర్ శబ్దము. దానికి నొప్పి యని యర్థము. అది మన సంస్కృత పీడా శబ్దమే. డకారము రేఫగా మాఱినది. పీడ విరగడయైన దని మనమనునదియు ఆ మాటయే. పారసీకపు పీరునకును సంస్కృతపు పీడకును పుట్టుకలో ఏ సంబంధమును లేదు. అయినను కబీరు పేరిట జనుల నోట నున్న దోహా యొకటి యీ రెండింటిని జోడించి, పరుల నొప్పి నెఱిగినవాడే పీరని చెప్పుచున్నది. నిఘంటువు వేఱుచేసిన వానిని హృదయము కలిపినది. కర్బలాలో దాహముతో పోయినవానిని, ఎండకు నోరెండిన పల్లెవాడు తనవాడనుకొనుటలో ఈ యర్థమే యున్నదని మేము నమ్ముచున్నాము.

ఇచట రెండు వైపులనుండి ఆక్షేపణలు గలవు. అల్లాకు తప్ప అన్యమునకు తల వంచరాదు, కావున పీర్లను మ్రొక్కుట మతవిరుద్ధ మని ముసల్మాను సంస్కర్తలు కొందఱందురు. ఇది మన దేవుళ్లలోనిది కాదు, కావున విడువుమని హిందూ సంస్కర్తలు కొందఱందురు. శోకదినమున నృత్యమేమని షియాలు బాధపడుట కూడ న్యాయమే. తమ మతము ప్రకారము తమ నడతను దిద్దుకొను హక్కు ఎవరికైనను గలదు. దానిని మేము కాదనము. ఆచారములోని కీడును కప్పిపుచ్చుటయు మా యుద్దేశము కాదు. త్రాగి గుండము చుట్టు తూలుట, నిప్పులలో పిల్లలను నడిపించుట, మ్రొక్కుబడికై అప్పులు చేయుట, వైద్యుని చూపవలసిన బిడ్డకు ఊదు పొగ చాలునని కూర్చుండుట: ఇవి మానవలసినవి. ఏడాదికొకనాడు కడిగిన కాళ్లను తక్కిన దినములలో గడప యవతల నిలుపుట అన్నిటికంటె ముందు మానవలసినది. సంస్కరణమునకు ఇక్కడ పని చాల నున్నది.

కాని మాటను వెలివేయుట సంస్కరణము కాదు. ఈ మాట మాది, ఆ మాట మీది యని పంచుకొనుటకు పూనుకొన్నచో, పంపకమునకు అంతు దొరకదు. పీరు ముసల్మానులదందుమా? దానిని సాసానుల రాకుమార్తె గుహకు అగ్నిపూజకులు పెట్టుకొన్నారు. పారసీకులదందుమా? లోహపు పంజా యను అర్థము తెలుగు పల్లెలో పెంపొందినది. హిందువులది కాదందుమా? రామదేవుడు, సత్యనారాయణుడు ఆ పేరున పిలువబడుచున్నారు. మాట పుట్టినచోటు దాని పుట్టిల్లు మాత్రమే. అది కాపురమున్న యిండ్లన్నియు దాని యిండ్లే. ఆడుబిడ్డను పుట్టింటిపేరు చెప్పి మెట్టినింటినుండి వెడలగొట్టుట ధర్మమని యే గృహస్థు అనును?

వారము గడచిన పిమ్మట ఆ బాలుని పిలిచి, ఈ సంగతులలో అతనికి అర్థమగునంత మేరకు చెప్పితిమి. పేరు అతనిది, ఉంచుకొనుటయో, మార్చుకొనుటయో అతనియిష్టమే గాని మాయిష్టము కాదని కూడ చెప్పితిమి. వెక్కిరించిన బాలురను కూడ ప్రక్కనే కూర్చుండబెట్టి వినిపించితిమి. సిగ్గుపడవలసినది ఎవరో వారికిని తెలియవలయును గదా. బాలుడు కొంతసేపు ఊరకుండి, "ముసలి అనే అర్థమైతే మా నాయనమ్మ పేరు నాకు పెట్టినట్టే కదా సార్" అనెను. తోడి బాలురు నవ్విరి. ఈ పర్యాయము అతడును వారితో నవ్వెను. పేరు పట్టికలో ఉన్నది ఉన్నట్లే పోయినది.

చదువరుల యిండ్లలోను ఇట్టి పేర్లు ఉండవచ్చును. సైదులు, మస్తానయ్య, హుసేనప్ప, ఫకీరమ్మ యని తాతముత్తాతల పేర్లు పట్టాకాగితములలో కనబడినపుడు, వ్రాతగాని పొరపాటని కొట్టివేయకుడు. ఏ కఱవులోనో, ఏ కలరాలోనో బిడ్డ బ్రతుకవలయునని ఒక తల్లి కులము చూడక, మతము చూడక చేతులు చాచిన గుఱుతు అది. ఆ చేతులకు అందినది దేవుడో, ధైర్యమో ఎవరి నమ్మకము వారిది. ఆ తల్లి నొప్పి నెఱిగి, ఆమె పెట్టిన పేరును తలవంపని తలంపకుండిన చాలును. పీరు శబ్దమునకు గల యర్థములలో ఉత్తమమైనది మన యింటనే నిలుచును.